చప్టా మీద మనిషి

ఆ పిచ్చివాడు మళ్లీ అడ్డం నిలబడ్డాడు.

వాగుకు అడ్డంగా కొత్తగా కట్టిన సిమెంటు చప్టా. దాని మీద మోకాలి లోతు బురదనీళ్లు. సరిగ్గా నడిమధ్యన వాడు, తల మీద గోనెసంచి కప్పుకుని, రెండు చేతులూ ఊపుతూ.

"ఒరేయ్, పక్కకి జరగరా!" హారన్ మీద అరచెయ్యి అదిమిపెట్టి అరిచాడు డ్రైవరు.

వాడు జరగలేదు. తిరిగి ఏదో అరిచాడు. నీటి హోరులో, ఇంజను రొదలో ఒక్క ముక్కా వినబడలేదు.

డ్రైవరు పళ్లు కొరుకుతూ జీపును చప్టా అంచుకు తిప్పాడు. అక్కడంతా పాచి. వెనక చక్రాలు సర్రున జారాయి.

మందుల పెట్టె పట్టుకుని కూర్చున్న నర్సమ్మకు పైప్రాణాలు పైనే పోయాయి.

"కాస్త ఆపి, అతనేమంటున్నాడో అడగవయ్యా!"

"నీళ్లలో ఆపకూడదక్కా. యాక్సిలరేటర్ వదిలానా, సైలెన్సర్ నీళ్లు లాగేస్తుంది. ఇంజను గోవిందా."

గట్టెక్కారు.

"ఇప్పుడు ఆపు మరి."

"ఇప్పుడసలే కూడదు. బ్రేకులు నీళ్లు తాగి ఉన్నాయి. మెల్లగా నొక్కుతూ ఒక కిలోమీటరు పోతేగానీ ఆరవు."

నర్సమ్మ మందుల పెట్టె ఒళ్లోకి సర్దుకుంది. బండి విషయంలో అతనితో వాదించి నెగ్గినవాళ్లు లేరు.

నిజం చెప్పుకోవాలి, డ్రైవరు పనిమంతుడే. ఆస్పత్రిలో పనికి చేరి నెల రోజులే అయినా ఆ పాత జీపును కన్నబిడ్డలా చూసుకునేవాడు. దాని ముందు చక్రాలు ఊరికే దొర్లుతాయి, తోసేవి వెనక చక్రాలే. అందుకే అవి నేలను పట్టుకోవాలని వెనక రెండు ఇసుక బస్తాలు వేశాడు. బురద దారి వస్తే టైర్లలో గాలి తగ్గించేవాడు. వాగు దాటొచ్చిన ప్రతి సాయంత్రం బండి కిందికి దూరి, గేరు నూనెలో నీళ్లు కలిశాయేమో చూసి, గ్రీజు పెట్టిగాని ఇంటికి పోయేవాడు కాదు. ఇంత తెలిసినవాడికి ఒక జబ్బుంటుంది. ఇంకొకడి మాట చెవికెక్కదు. ఇతనికి ఆ జబ్బు బాగా ముదిరింది.

ఆ సాయంత్రమే పోలీసు స్టేషనుకు వెళ్లాడు.

"సార్, వాగులో ఒక పిచ్చివాడు రోజూ అడ్డం పడుతున్నాడు. వాడి వల్ల ఏదో ఒకనాడు జీపు బోల్తా పడుతుంది. కొండ మీది ఊళ్లకి ఉన్నది ఆ బండి ఒక్కటే."

మర్నాడే కానిస్టేబుల్ వాగులోకి దిగి, వాణ్ణి రెక్క పట్టుకుని లాక్కొచ్చి వ్యాను ఎక్కించాడు.

"పాపం, ఎవరికీ హాని చెయ్యలేదు కదయ్యా," అంది నర్సమ్మ.

"పీడ విరగడైందక్కా," అన్నాడు డ్రైవరు.

మూడో రోజు పొద్దున్నే కొండ మీంచి ఫోను. తొలి కాన్పు. రాత్రి నుంచీ నొప్పులు. బిడ్డ అడ్డం తిరిగింది.

"మధ్యాహ్నానికల్లా ఆస్పత్రిలో ఉండాలి," అంది నర్సమ్మ జీపెక్కుతూ. "లేకపోతే ఇద్దరూ దక్కరు."

"పదక్కా, ఇట్టే తెచ్చేద్దాం."

వాన ఆగింది. చప్టా మీద నీళ్లు మోకాలి లోతే. నడిమధ్యన ఎవరూ లేరు.

"చూశావా, ఇప్పుడు రాజమార్గం!"

మొదటి గేరు వేశాడు. యాక్సిలరేటర్ ఒకే తీరున తొక్కిపట్టాడు. క్లచ్ జోలికి పోలేదు. అంతా పద్ధతి ప్రకారమే చేశాడు.

నడిమధ్యకు రాగానే ముందు చక్రాలు రెండూ దభీమని కిందికి దిగబడ్డాయి.

బానెట్ మునిగింది. ఇంజను ఒక్క దగ్గు దగ్గి ఆగిపోయింది. నీళ్ల కింద, చప్టాకి నడుమన, మనిషి అడ్డంగా పడుకునేంత గుంట.

నర్సమ్మను ఎలాగో ఒడ్డుకు చేర్చాడు. మందుల పెట్టె కొట్టుకుపోయింది. ఇంకో బండి దొరికి, చుట్టుదారిన కొండెక్కేసరికి సాయంత్రమైంది.

తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

ఆ తల్లి ఏడవను కూడా లేదు. డ్రైవరు వంక చూసి, "పొద్దున్నే వస్తామన్నారుగా అన్నా," అంది.

ఆ రాత్రే డ్రైవరు కొండ దిగాడు. తెల్లవారగానే స్టేషనుకు పరిగెత్తాడు.

"సార్, వాడెక్కడ? వాడికి ఆ గుంట సంగతి తెలుసు!"

కానిస్టేబుల్ తలెత్తలేదు.

"గుంట, గుంట అని దారంతా మొత్తుకుంటూనే ఉన్నాడయ్యా. పిచ్చివాగుడనుకున్నాం. మళ్లీ రాకుండా అరవై కిలోమీటర్ల అవతల దించేసి వచ్చాం."

"అయితే అక్కడే ఉన్నాడా?"

"వెంటనే నడుచుకుంటూ వెనక్కి బయల్దేరాడట. తిండి లేదు, ఒకటే వాన. వాగు ఇంకా రెండు మైళ్లుందనగా రోడ్డు పక్కన పడిపోయాడు. నిన్న పొద్దున పోయాడు."

 ఈసారి డ్రైవరుకు 'వాడు' అనడానికి నోరు రాలేదు.

"ఎవరు సార్ ఆయన?"

కానిస్టేబుల్ సొరుగులోంచి ఒక ప్లాస్టిక్ సంచి తీసి ముందుకు తోశాడు.

"జేబులో దొరికింది. చదువుకో."

అందులో ఒక అర్జీ నకలు. రోడ్ల ఆఫీసు వాళ్లు అందినట్టు ముద్ర వేసి ఉంది. తేదీ రెండు నెలల కిందటిది.

డ్రైవరు మడత విప్పాడు.

'అయ్యా, వాగు మీద చప్టా కట్టిన మేస్త్రీని నేనే. సిమెంటు మిగుల్చుకుందామన్న కక్కుర్తితో నడిమధ్యన ఇసుక ఎక్కువ కలిపాను. తొలి వరదకే అక్కడ గుంట పడింది. గుర్తుకి కర్రలు పాతాను, వాగు పీక్కుపోతోంది. తమరు వచ్చి బాగు చేయించేదాకా ఆ గుంట దగ్గర నేనే నిలబడతాను.'