వద్దన్నా వెలిగిన కెమెరా

కెమెరా బాగుచేయించడానికి వికారాబాద్ బస్సెక్కినవాడు, దిగీదిగగానే ఊళ్లో అందరికన్నా చేతకాని మెకానిక్ ఎవరని ఆరా తీయడం ఎక్కడైనా ఉందా? దశరథ్ మాత్రం అదే పని చేశాడు. పాపం, అతని బాధ అతనిది.

వారం కిందట యాలాల్ దగ్గరి వాళ్ల ఊళ్లో, పెద్దమ్మ బుగ్గమ్మ మందలోంచి పొట్టేలు మాయమైంది. అది మామూలు పొట్టేలు కాదు. దానికి తినిపించాకే బుగ్గమ్మ తాను తినేది. ఆ పూట ఇంటికి భోజనానికి వచ్చిన మగవాళ్లు ముగ్గురే: ఆమె తమ్ముడు ఎంకయ్య, అల్లుడు సంతోష్, మరిది కొడుకు దశరథ్. కొడుకులు లేని బుగ్గమ్మ, "నా తర్వాత మంద నీదే కొడుకా" అని దశరథ్‌కు ఎప్పుడో మాటిచ్చింది. ఆ మహానుభావుడు అంతవరకు ఆగలేకపోయాడు. రేపు నాదయ్యేదాన్ని ఇవాళే తీసుకుంటే తప్పేంటనుకుని, పొట్టేలును ట్రాలీ ఎక్కించి కర్ణాటక సంతలో అమ్మేసి, ఫోన్ కొనుక్కున్నాడు. ఎవరికీ అనుమానం రాకుండా కొత్త ఫోన్‌కు పాత కవరు తొడుక్కుని తిరుగుతున్నాడు.

అంతా సాఫీగా సాగిపోయేదే, సంతోష్ కూతురు ప్రణవి లేకపోతే. తాండూరులో డిగ్రీ చదివే ఆ పిల్లకు ఈమధ్య పాత రీలు కెమెరాల పిచ్చి పట్టింది. సరిగ్గా ఆ పూటే మంద చుట్టూ తిరుగుతూ ఫొటోలు తీసిందట. దొంగ అందులో పడ్డాడేమో చూద్దామంటే, కెమెరా ఆన్ కావడం లేదట. అది మోటారు ఉన్న రకం. ఆన్ అయితేనే రీలు వెనక్కి చుట్టుకుంటుంది. చుట్టుకోకముందే వెనక మూత తెరిస్తే వెలుతురు తగిలి ఫొటోలన్నీ నాశనం.

పొద్దున్నే బుగ్గమ్మ ఆ కెమెరాను తెచ్చి దశరథ్ చేతిలో పెట్టింది.

"ఎవ్వరికి చెప్పకు కొడుకా. నిన్ను నమ్మి ఇస్తున్న. ఇది ఆన్ అయ్యేటట్ల చేయించుకరా, సాలు. రీలు సంగతి ప్రణవి సూస్కుంటది."

"నువ్వు ఫికర్ జేయకు పెద్దమ్మా," అన్నాడు దశరథ్. లోపల మాత్రం లెక్కలు వేరు. ఫొటో బయటపడితే మందా పోతుంది, పరువూ పోతుంది.

తాండూరులో పనితెలిసినవాళ్లు దొరుకుతారని భయపడి వికారాబాద్ వచ్చాడు. నలుగురిని అడిగితే నలుగురూ చెప్పింది ఒకటే పేరు, మల్లికార్జున్. మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఆయన దగ్గరికి పోయిన వస్తువు మళ్లీ ఇంటిముఖం చూడదట. దశరథ్‌కు ప్రాణం లేచొచ్చింది.

మల్లికార్జున్ కెమెరాను చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. బల్ల మీద రెండు దెబ్బలు వేశాడు. అలాగే కొట్టు నాయనా, ఇంకా కొట్టు అనుకున్నాడు దశరథ్. తర్వాత ఆయన అడుగున మూత తీశాడు. లోపలి రేకులను గీకి, పాత సెల్లులు పక్కన పడేసి, కొత్తవి వేసి బటన్ నొక్కాడు.

కెమెరా కిర్రుమంటూ కళ్లు తెరిచింది.

"అయిపాయె తమ్మీ," అన్నాడు మల్లికార్జున్. ఆయనే నమ్మలేకపోతున్నాడు.

"గంతేనా? జర మంచిగ సూడన్నా. లోపల ఇంకేమన్న కాలిపోయిందేమో?"

"ఏం కాలే. మస్తున్నది."

"రేపు మళ్ల బంద్ అయితదేమో?"

"ఎందుకైతది? నాది గ్యారంటీ."

మల్లికార్జున్ నోట గ్యారంటీ మాట విని పక్క దుకాణంవాళ్లు కూడా వచ్చి కెమెరాను చూసిపోయారు. దశరథ్ ఏడవలేక నవ్వి, పాత సెల్లులు అడిగి జేబులో వేసుకుని బయటపడ్డాడు.

అక్కణ్నుంచి ఆటోలో అనంతగిరి దారి పట్టాడు. జనం లేని మలుపు దగ్గర దిగి, కెమెరా వెనక మూత తెరిచి, రీలంతా బయటికి లాగి వడియాలు ఎండబెట్టినట్టు ఎండబెట్టాడు. మనసు కుదుటపడ్డాక దాన్ని మళ్లీ లోపలికి కుక్కాడు. కొత్త సెల్లులు తీసి పొదల్లోకి విసిరేసి, పాతవే వేశాడు. బటన్ నొక్కాడు. చప్పుడు లేదు. గుట్ట మీది పద్మనాభస్వామికి అక్కడినుంచే దండం పెట్టుకున్నాడు.

సాయంత్రం ఇల్లు చేరేసరికి ఎంకయ్య, సంతోష్ మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నారు. మంచిదే, సాక్షులు కూడా ఉన్నారనుకున్నాడు దశరథ్. కళ్లలో నీళ్లు తెచ్చుకున్నాడు.

"లాభం లేదు పెద్దమ్మా. తిరగని దుకాణం లేదు. లోపలంత కాలిపోయిందట, ఇగ ఆన్ కాదట. గా మెకానిక్ తెలివిలేక మూత గూడ తెరిసిండు. రీలు మొత్తం ఖరాబైంది. దొంగ తప్పించుకున్నడు!"

ఏడుస్తుందనుకున్న ప్రణవి తలుపు చాటున కిసుక్కున నవ్వింది. బుగ్గమ్మ నిమ్మళంగా చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"పొద్దుగాల్నే పోయి నా పొట్టేలును తోల్కరా. ఇగ మంద మీద ఆశ ఇడ్సిపెట్టు. మా తమ్ముడు సూస్కుంటడు."

"నేనా! నాకేం తెలుసు పెద్దమ్మా?" దశరథ్ గొంతు పెంచాడు. "రీలే పాయె. నేనే తీసుకపోయిన అనేటందుకు సాక్ష్యమేది?"

"కెమెరాకు ఏ రోగం లేకుండె కొడుకా, ఉత్త రీలు, సచ్చిన సెల్లులు నేనే ఏయించి, నిన్ను నమ్మి ఇస్తున్న అని మొన్న మా తమ్మునికిచ్చిన, నిన్న అల్లునికిచ్చిన; ఇద్దరు మంచిగ చేయించుకొచ్చిన్రు, నువ్వొక్కనివే ఖరాబ్ జేసుకొచ్చినవ్."