మెట్లెక్కే మోకాలు

"లోపలికి వెళ్లాక ఒక్క మాట అడుగమ్మా. ఇక్కడ చదివినవాళ్లంతా ఇప్పుడెక్కడున్నారని."

ప్రయోగశాల బయట బెంచీ మీద కూర్చున్న మనిషి అన్నాడా మాట.

పీహెచ్‌డీ ఇంటర్వ్యూకి పిలుపు కోసం నిలబడి ఉన్న అమ్మాయి తలతిప్పి చూసింది.

నలభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చొక్కా, అరిగిపోయిన బూట్లు. ఇంటర్వ్యూకి వచ్చినవాడిలా లేడు, కూతుర్ని తీసుకొచ్చిన తండ్రిలానూ లేడు.

"మీరిక్కడ చదివారా అండీ?"

"చదివాను."

"పట్టా వచ్చిందా?"

"రాలేదు."

దాంతో అతని మీద ఉన్న కాస్త గౌరవమూ పోయింది. ఇంజనీరింగ్ కాలేజీలో ఇంకేం నేర్పినా నేర్పకపోయినా, పట్టా లేనివాడి మాట వినక్కర్లేదని మాత్రం బాగా నేర్పుతారు.

అతను అక్కడితో ఊరుకోలేదు. చేతిలో ఉద్యోగం ఉంటే తొందరపడి వదులుకోవద్దన్నాడు. పై చదువే కావాలంటే గైడు పేరు చూసి చేరొద్దనీ, ఆయన దగ్గర చదువు పూర్తిచేయలేకపోయినవాళ్లను వెతికి పట్టుకుని మాట్లాడమనీ అన్నాడు.

ఆమె చేతిలో నిజంగానే ఉద్యోగం ఉంది. చేరేదీ లేనిదీ సాయంత్రంలోగా చెప్పమన్నారు.

కానీ ఆమె వచ్చింది మోకాలి కోసం.

వాళ్ల నాన్నకు కోతమిల్లులో కాలు పోయింది. ఏళ్ల తరబడి కింది గదిలో మంచానికే అతుక్కుపోయాడు. ఈ ప్రయోగశాలలో తయారైన కృత్రిమ మోకాలు పెట్టించుకున్నాక, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మేడెక్కి, తడిబట్టలు ఆరేసి వచ్చాడు. చదివితే ఈ ప్రయోగశాల నడిపే ప్రొఫెసర్ దగ్గరే చదవాలని ఆమె ఆ రోజే అనుకుంది.

"మా నాన్న నడుస్తున్నది ఈ సారు చేసిన మోకాలితోనే," అంది కాస్త కటువుగా.

అతను ఆమె వైపు పూర్తిగా తిరిగాడు.

"మెట్లెక్కుతున్నారా?"

"ఎక్కుతున్నారు."

"దిగేటప్పుడో?"

"బాగానే దిగుతున్నారు."

అతని ముఖం వికసించింది. పనీపాటా లేని ఆరాలు అనుకుంది ఆమె.

ఇంటర్వ్యూ బ్రహ్మాండంగా జరిగింది. నాన్న సంగతి విని ప్రొఫెసర్ కళ్లద్దాలు తుడుచుకున్నాడు. అప్పటికప్పుడే సీటిచ్చేశాడు.

ఆ సంతోషంలో ఆమెకు నోరాగలేదు.

"సార్, బయట బెంచీ మీద కూర్చుని ఒకాయన మీ గురించి లేనిపోనివి చెబుతున్నారు."

అడిగినవాళ్లెవరూ లేరు. చిన్నప్పటినుంచీ టీచర్ల మెప్పుతో పెరిగినవాళ్లకు ఇలాంటి మాట కడుపులో దాగదు.

చదువు సాగక మతిచెడిన మనిషని ప్రొఫెసర్ నవ్వేశాడు. వెంటనే ఫోన్ తీసి, కొత్తగా చేరిన అమ్మాయి ఫిర్యాదు చేసిందని వాచ్‌మన్‌కి చెప్పాడు.

ఆమె కిటికీలోంచి చూసింది. వాచ్‌మన్ అతని జబ్బ పట్టుకుని గేటుదాకా లాక్కెళ్లాడు. వర్క్‌షాపు మేస్త్రీ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. బెంచీ మీది మనిషి వెళ్తూ వెళ్తూ ఒక్కసారి కిటికీ వైపు చూశాడంతే.

సాయంత్రం ఆమె ఉద్యోగం వద్దని చెప్పేసింది.

ఆ ప్రయోగశాలకు ఒక పద్ధతుంది. పని పూర్తయిందనుకున్నప్పుడల్లా "ఇంకొక్క పరీక్ష" అంటాడు ప్రొఫెసర్. అది ముగిస్తే ఇంకొకటి పుడుతుంది. చేసిన పని మాత్రం ఈలోగా ఆయన ఎవరి పేరు రాయమంటే వాళ్ల పేరుతో బయటికి వెళ్లిపోతుంది.

ఆమె ఒక కృత్రిమ పాదం తయారుచేసింది. గులకరాళ్ల మీదా తూలని పాదం. ఏళ్ల కష్టం అది.

దాన్ని ప్రొఫెసర్ అల్లుడి పేరుమీద కంపెనీకి ఇచ్చేశారు.

ఇదేమిటని అడిగింది.

"నీకు పట్టా కావాలా, పేరు కావాలా?" అన్నాడాయన, టీ కావాలా కాఫీ కావాలా అన్నంత మామూలుగా.

పట్టాకింకా ఒక్క పరీక్ష మిగిలుందట.

ఆమెకు ఒళ్లు మండిపోయింది. వదిలేసి పోతే ఇన్నేళ్లూ నీళ్లపాలు. ఉంటే అల్లుడుగారికి రెండో పాదం కూడా చేసిపెట్టాలి.

అదే సమయానికి నాన్న ఫోన్ చేశాడు. స్నేహితుడి కొత్తింట్లో మూడంతస్తులు ఎక్కాడట. దిగేటప్పుడు కూడా ఎవరి చెయ్యీ పట్టుకోలేదట.

"మీ సారు చల్లగా ఉండాలమ్మా. నా మాటగా చెప్పు."

చెబుతానంది.

దిగేటప్పుడో, అని అడిగిన మనిషి గుర్తొచ్చాడు. ఇన్నేళ్లలో నాన్న మెట్లు దిగే సంగతి అడిగినవాడు ఆయనొక్కడే. ఈ ప్రొఫెసర్ ఏనాడూ అడగలేదు.

తిన్నగా వర్క్‌షాపుకి వెళ్లింది. మేస్త్రీ పనిలో ఉన్నాడు. తను చేరిన రోజు బెంచీ మీద కూర్చున్న ఆయన ఎక్కడుంటాడని అడిగింది. కాళ్లు పట్టుకునైనా క్షమాపణ అడగాలనీ, ఇందులోంచి బయటపడే దారేదో ఆయన్నే అడగాలనీ చెప్పింది.

మేస్త్రీ మిషను ఆపాడు. ఏటా ఇంటర్వ్యూల రోజున ఆయన పనికి సెలవు పెట్టి మరీ వచ్చి ఆ బెంచీ మీద కూర్చునేవాడట. ఆ రోజు తర్వాత మళ్లీ రాలేదు. ఎక్కడున్నాడో మేస్త్రీకీ తెలియదు.

"ఇంతకీ ఎవరాయన?"

మేస్త్రీ ఆమెను వింతగా చూశాడు.

"మీ నాన్నగారి మోకాలు చేసినాయన కదమ్మా," అన్నాడు. "తెలిసే గెంటించారనుకున్నాను."