నీలం రంగు షెడ్డు

“తప్పుకో విమలా, పిల్లోళ్లు ఎండలో నిలబడుండారు,” అన్నాడు సంఘపెద్ద ఎబినేజర్.

మదనపల్లె చర్చి పక్కన ఆయన పట్టుబట్టి వేయించిన కొత్త రేకుల షెడ్డు అది. వేసవి బైబిలు తరగతులకు పిల్లలు వచ్చేశారు. భార్య విమల గడపకు అడ్డంగా నిలబడింది.

“నిన్న ఒక పాప సొమ్మసిల్లి పడింది. మళ్లా ఈ పొయ్యిలోకి తోలతావా?”

“ఆ పాప తినకుండా వచ్చింటాది. నీ కూతురు పంపిన, ఏడ ఎంత వేడో సూపించే శాటిలైట్ బొమ్మ సూడు. ఊరంతా ఎర్రగా మండతాంది. మార్కెట్ షెడ్లు, వాటి పక్కనే మన షెడ్డు మాత్రం నీలం. నీలమంటే సల్లదనం. ఇది దేవుని కృప గాదా?”

పక్క ఊరు అంగళ్లులోని కాలేజీ నుంచి ఆటోలో వచ్చిన కూతురు షైలజ గేటు దగ్గరే అరిచింది. “ఆగు నాయనా! నేను పంపిన బొమ్మ తప్పంట. మెరిసే రేకు ఎంత కాలినా వేడిని పైకి సరిగా వదలదు, అందుకే శాటిలైట్‌కు సల్లగానే కనపడతాదని మా సార్ ఇప్పుడే సెప్పినాడు.”

“అంత పైనుంచి సూసేదానికి ఆ మాత్రం తెలీదా?”

“అది లోపలికొచ్చి కూర్చోదు కదా నాయనా.”

ఎబినేజర్ మొహం మాడింది. “నేనే పోయి ప్రార్థన చేసొస్తా. ఆమెన్ అన్నాక పిల్లోళ్లను పంపండి.”

“నీ ప్రార్థనకు పాస్టరయ్యే కునుకు తీస్తాడు. పో,” అంది విమల.

లోపల ఆయన కళ్లు మూసుకున్నాడు. నడినెత్తి మీద నిప్పులు పోసినట్టుంది. షెడ్డు ఇచ్చినందుకు కృతజ్ఞతలు చెప్పబోయి కళ్లు తెరిచాడు.

వెంటనే బయటికొచ్చాడు.

“నిన్న పడిన పాప పేరేంది?”

“క్యాథరిన్,” అంటూ విమల చెయ్యి చూపింది. “ఆడ, కానుగచెట్టు కింద ఉండాది.”

పిల్లలు కూర్చునేందుకు తెచ్చిన చాపల కట్టను ఆయన భుజానికెత్తుకున్నాడు.

“ప్రార్థన అయిపోయిందా?” అంది విమల.

“లేదు. ఆ పాప పక్కన కూర్చోని చేస్తా.”