వంగిన రేకు

చెల్లెలు వంచగానే తేలికైన మెగ్నీషియం రేకు మళ్లీ పుటుక్కున విరిగింది. ల్యాబులో స్టూలు మీద కూర్చున్న అక్క పకపకా నవ్వింది.

"నీకంటే మొండిఘటమేనే ఇది!"

"రోలర్ల కింద నలిగి లోపలి స్ఫటికాలన్నీ ఒకే వైపుకు ఒరిగిపోయాయక్కా. అందుకే వంగనంటోంది. సరిగ్గా కాస్తే కొత్త స్ఫటికాలు పుట్టి తలో దిక్కుకూ తిరుగుతాయి."

ఈసారి చెల్లెలు కొలిమి వేడి పెంచి, రేకును ఇంకాసేపు కాచింది. చల్లారాక ఊపిరి బిగబట్టి వంచింది. రేకు విల్లులా వంగింది. ఎక్కడా చిన్న పగులైనా లేదు!

అక్క నవ్వు ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ పోలియో కాలికి కట్టుకుని మోస్తున్న బరువైన ఇనుప ఊతాన్ని విప్పి పక్కన పెట్టింది.

"ఇక కొత్త ఊతానికి నా కాలి కొలత తీసుకోవే. మెట్ల మీద పందెంలో నిన్ను ఓడించాలి."