మొదటి ట్రిప్పు

అమ్యూజ్‌మెంట్ పార్కు వాళ్ళ హోటల్లో దిగినవాళ్ళకి, ఏడాది పాస్ ఉన్నవాళ్ళకి పార్కు గేటు గంట ముందే తీస్తారు. ఆ గంట కోసమే తండ్రి అక్కడ గది తీసుకున్నాడు.

"ముందు కనిపించినవి ఎక్కకూడదు. అందరూ అక్కడే ఆగిపోతారు. మనం తిన్నగా చివరికి పోవాలి," అన్నాడు కూతురితో, నడక ఆపకుండా.

"రోలర్ కోస్టర్‌కేనా?"

"మొదటి ట్రిప్పు, మొదటి సీటు. మాటిచ్చానా లేదా?"

"ఇచ్చావులే. నీ మాట నీటి మీద రాత అంటుంది అమ్మ."

అమ్మ గదిలో నిద్రపోతోంది. అనడానికి ఆవిడకి హక్కుంది. పాప పుట్టినరోజుకి వస్తానని చెప్పి అతను రాలేదు. స్కూల్లో పాప నాటకం వేసిన రోజు ఆఫీసులోనే ఉండిపోయాడు. ఈసారి కూడా తప్పితే కూతురు ఇంక తనని ఏదీ అడగదని అతనికి తెలుసు.

పార్కులో మనిషన్నవాడు లేడు. పాట మాత్రం వినిపిస్తోంది. కొయ్యగుర్రాలు ఎవరూ ఎక్కకుండానే తిరుగుతున్నాయి. జెయింట్ వీల్ తొట్లు ఒక్కొక్కటే కిందికి వచ్చి, ఎవరినో ఎక్కించుకుంటున్నట్టు కాసేపు ఆగి, మళ్ళీ పైకి పోతున్నాయి.

పాప తండ్రి చెయ్యి పట్టుకుంది.

"ఎవరూ లేకుండా ఎందుకు తిప్పుతున్నారు నాన్నా?"

"వేడెక్కడానికి. మన కారు స్టార్ట్ చేసి కాసేపు ఉంచుతాం చూడు, అలాగన్నమాట."

రోలర్ కోస్టర్ దగ్గర అప్పటికే ఒకాయన ఉన్నాడు. గేటు ఊచ పట్టుకుని నిలబడ్డాడు. యాభై దాటి ఉంటాయి. వెంట పిల్లలు లేరు.

"ఒక్కరే వచ్చారా?" తండ్రి పలకరించాడు.

"ఆఁ, ఒక్కడినే."

"మా పాప మొదటి సీటు కావాలంటోంది. కాస్త మీరు వెనక కూర్చుంటారా?"

"ఈ ట్రిప్పు వద్దండీ. తర్వాతది ఎక్కించండి."

"బండంతా ఖాళీయే కదా?"

"ఖాళీయే. మొదటిసారి నేనొక్కడినే వెళ్తాను."

తండ్రికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏం, మీ తాతగారి జాగీరా?"

ఆయన పాప వైపు వంగాడు.

"అమ్మలూ, నేను తిరిగొచ్చి చెయ్యి ఊపుతాను. అప్పుడు ఎక్కు."

"ఊపకపోతే?"

"ఎక్కకు."

పాప తండ్రి వెనక్కి జరిగింది. ఆయన రెప్ప వెయ్యకుండా చూస్తున్నాడు.

"ఎన్నేళ్ళు తల్లీ నీకు?"

"చెప్పకు," అన్నాడు తండ్రి.

"పోనీలే నాన్నా. రెండోదే ఎక్కుదాం. నాకు అలవాటేగా."

ఆ చివరి మాట అతనికి ములుకులా దిగింది. వెళ్ళి సెక్యూరిటీ గార్డుని వెంటబెట్టుకొచ్చాడు.

"ఆయన రోజూ వస్తాడు సార్. ఎవరినీ ఏమీ అనడు," గార్డు నసిగాడు. "మొదటి ట్రిప్పు ఆయనకి వదిలేస్తుంటారు."

"అసలు ఎవరాయన?"

"నేను చేరి వారమే సార్. నన్నడక్కండి."

"ఆడపిల్లల్ని పట్టుకుని వయసెంత అని అడుగుతున్నాడు. ఇంత పొద్దున్నే ఆయనకి ఇక్కడేం పని? నువ్వు పంపిస్తావా, మీ మేనేజర్‌తో మాట్లాడమంటావా?"

గార్డు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. "రండి సార్, ఆఫీసులో కూర్చుందాం. ఐదు నిమిషాలు."

ఆయన గొడవ చెయ్యలేదు. ఊచ మాత్రం వదల్లేదు. గార్డు ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

"బాబూ, నేను చెప్పేది ఒక్కసారి..."

"విన్నది చాలు."

"పోనీ ఈ ట్రిప్పు ఖాళీగా పంపమనండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇంటికెళ్ళి పడుకోండి," అన్నాడు తండ్రి.

గేటు తెరిచారు. బండి దగ్గర ఉండే అమ్మాయి మొదటి సీటు మీది మంచుని గుడ్డతో తుడిచింది. పాప కూర్చుంది. తండ్రి పక్కన కూర్చున్నాడు. ఒళ్ళోకి కడ్డీ దిగింది.

"నిజంగానే మొదటి సీటు నాన్నా!"

అతను నవ్వాడు. కూతురు తనని అలా చూసి ఎంత కాలమైందో.

వెనక వరసలోకి ఒక పెద్దావిడ పరుగున వచ్చి ఎక్కింది. మెడలో ఏడాది పాస్ వేలాడుతోంది. ఆవిడ కడ్డీ కూడా దిగింది. బండి కదిలింది. కింద గొలుసు తగులుకుని దాన్ని ఏటవాలు మీదికి లాగడం మొదలుపెట్టింది.

"ఆయన ఇవాళ తొందరగా వచ్చి వెళ్ళిపోయినట్టున్నాడే," అంది పెద్దావిడ.

"ఎవరండీ?"

"మొదటి ట్రిప్పు ఎక్కే ఆయన. ఇది రెండోదే కదా బాబూ?"

"కాదండీ. మొదటిదే."

వెనక కడ్డీని లాగిన చప్పుడైంది. మళ్ళీ లాగిన చప్పుడైంది. అది తెరుచుకోలేదు.

తండ్రి కిందికి చూశాడు. ఆఫీసు దారిలో ఆయన ఆగిపోయాడు. గార్డు చెయ్యి పట్టి లాగుతున్నా కదలడం లేదు. తలెత్తి బండినే చూస్తున్నాడు.

"ఆయన్ని నేనే పంపించేశాను," అన్నాడు తండ్రి. "ఎవరండీ ఆయన?"

గొలుసు చప్పుడు ఆగింది. బండి శిఖరం మీద నిలిచింది.

"ఏదో తేడా ఉందని ఈ బండిని రెండుసార్లు ఆపించాడు బాబూ, రెండుసార్లూ ఆయన చెప్పిందే నిజమైంది," అంది పెద్దావిడ. "మీ పాప కూర్చున్న సీట్లోనే, పొద్దుటి మొదటి ట్రిప్పులోనే ఆయన కూతురు పోయింది, అప్పట్నుంచి ఇంకొకరి బిడ్డ ఎక్కేముందు రోజూ తను ఎక్కి చూస్తాడు."