చెరి సగం

“ఇందులో నా సగం తుడిచెయ్యాలి. రెండో సగం మీద ఈగ కూడా వాలకూడదు. నాలుగింటికల్లా నేను ఇంట్లో ఉండాలి.”

ఇళ్ల ప్లాన్లు గీసే ఆయన హార్డ్ డిస్కును కౌంటర్ మీదైతే పెట్టాడు గానీ, దాని మీంచి చెయ్యి తియ్యలేదు. రిపేరు షాపాయన గడియారం చూశాడు. రెండున్నర దాటింది. మీరు చెయ్యి తీస్తే కదా సార్ నేను ముట్టుకునేది, అన్నాడు.

సంగతేమిటంటే, ఆ డిస్కు మొగుడూ పెళ్లాలు ఉమ్మడిగా కొనుక్కున్నది. ఆయనది ఆఫీసు వాళ్లిచ్చిన విండోస్ లాప్‌టాప్. ఆవిడ పిల్లల పుస్తకాలకు బొమ్మలు వేస్తుంది, ఆవిడది మ్యాక్. ఒకరి గొడవ ఒకరికెందుకని కొన్న రోజునే దాన్ని రెండు భాగాలు చేయించి చెరొకటి తీసుకున్నారు. డిస్కు హాల్లో టీవీ పక్కన పడుండేది. ఎవరికి కావలసినప్పుడు వాళ్లు తగిలించుకునేవాళ్లు. వారం కిందట ఆవిడ అక్కగారింటికి వెళ్లిపోయింది. ఇంట్లో ఇంకేమీ అక్కర్లేదట, డిస్కొక్కటి ఇస్తే చాలట. ఇవాళ నాలుగింటికొచ్చి పట్టుకెళ్తానని మెసేజ్ పెట్టింది.

షాపాయన డిస్కును తన బల్ల మీది కంప్యూటర్‌కి తగిలించాడు. ఏ రకం డిస్కునైనా తెరిచే ఏర్పాట్లన్నీ అందులో ఉన్నాయి. మీ ప్లాన్లు అందులో ఉంటే ఆవిడకేం అడ్డం సార్, అని అడిగాడు. ఆయన ముందు దగ్గాడు, తర్వాత నసిగాడు. అవి ప్లాన్లు కావని, ఉత్తరాలని ఆఖరికి ఒప్పుకున్నాడు.

ఎవరికో కాదు, ఆవిడకే. పదహారు నెలలుగా ఆ ఇంట్లో మాటల్లేవు. గ్యాస్ అయిపోయింది, తాళం ఎక్కడ, అంతవరకే. గొడవ ఎందుకు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు. ముందు ఎవరు పలకరించాలన్నది మాత్రం ఇద్దరూ మర్చిపోలేదు. ఆవిడ ఎదురుపడితే ఆయనకి గొంతు పెగలదు. అందుకని సాయంత్రం ఇంటికి రాగానే గదిలోకి వెళ్లి, ఆ రోజు చెప్పాలనుకున్నదంతా రాసి, ఆ తారీఖే పేరుగా పెట్టి డిస్కులో తన సగంలో దాచేవాడు. లాప్‌టాప్‌లో దాస్తే ఆఫీసులో ఎవరి కంట్లోనైనా పడుతుందని భయం. డిస్కుతో ఆ బెంగ లేదు. తను ఆవిడ సగం తెరవబోతే, అంతా తుడిచి ఫార్మాట్ చెయ్యమంటారా అని లాప్‌టాప్ అడిగేది, వద్దని నొక్కేసేవాడు. తన సగమూ ఆవిడ మ్యాక్‌లో అలాగే మూసుకుని ఉంటుందని ఆయన ధీమా.

“అక్కగారింట్లో ఉన్నది విండోస్. అక్కడ తగిలించిందంటే నా గుట్టంతా రట్టవుతుంది,” అన్నాడు. “ఇప్పుడిక చదివి ఏం లాభం? అక్కాచెల్లెళ్లు నవ్వుకోడానికి తప్ప.”

షాపాయన మౌస్ మీంచి చెయ్యి తీసేశాడు. సార్, మీరు ముందు కూచోండి, అన్నాడు.

“మీ విండోస్‌కి ఆవిడ సగం కనబడదు. నిజమే. కానీ ఆవిడ మ్యాక్‌కి మీ సగం కనబడుతుంది. మొదటి రోజు నుంచీ కనబడుతూనే ఉంది. అన్నీ చదువుకోవచ్చు. అందులో ఏమీ రాయడానికి మాత్రం కుదరదు.”

ఆయన అప్పుడు కూచున్నాడు. నాలుగు వందల పైచిలుకు ఉత్తరాలు. రాత్రి దగ్గుతున్నావు, మందు వేసుకున్నావా అని రాశాడు. నువ్వు బయటికెళ్తే నీ కుర్చీలో కాసేపు కూచుంటున్నానని సిగ్గు విడిచి రాశాడు. ఇవన్నీ చదివిందన్నమాట. చదివి, మర్నాడు ఏమీ ఎరగనట్టు కాఫీ బల్ల మీద పెట్టి తన పని తను చూసుకుందన్నమాట. సిగ్గు పోయి కోపం వచ్చింది. ఆ కోపం వెనకాలే ఏడుపొచ్చింది.

“రాతి గుండె,” అన్నాడు. “తుడిచెయ్యండి. ఒక్కటి మిగలకూడదు.”

షాపాయన సరేనన్నాడు. అయితే ఆయనకో పద్ధతుంది. ఒక సగం తుడిచేముందు రెండో సగం క్షేమంగా ఉందని తెరిచి చూపించాకే పని మొదలెడతాడు. ఇదివరకోసారి తిట్లు తిన్నాడు మరి. ఆవిడ సగం తెరిచాడు. కుందేళ్లు, ఏనుగులు, గొడుగేసుకున్న కప్ప. అన్నీ భద్రంగానే ఉన్నాయి. అట్టడుగున ఒక ఫోల్డర్ ఉంది. దాని పేరు ‘మీకు’.

షాపాయన మర్యాదగా మూసెయ్యబోయాడు. ఆయన ఆ చెయ్యి పట్టుకుని ఆపి, తనే తెరిచాడు. లోపల ఫైళ్ల పేర్లన్నీ తారీఖులే. రోజుకొకటి చొప్పున, ఒక్క రోజూ తప్పలేదు. కిందటి వేసవిలో ఒక శనివారం తను రాసింది ఆయనకి బాగా గుర్తుంది. రేపు సాయంత్రం ఇద్దరం అలా నడిచొద్దామా, అని. ఆ తారీఖు మీద నొక్కాడు. ‘సరే. అయిదింటికి తయారై హాల్లో కూచుంటాను’ అని ఉంది.

ఆ ఆదివారం ఆవిడ నిజంగానే కూచుంది. చెప్పులు కూడా వేసుకుని, లైట్లు వేసే వేళ దాకా. ఎవరో స్నేహితురాలు వస్తుంది కాబోలనుకుని, తనెందుకు అడ్డమని ఆయన గది తలుపు దగ్గరగా వేసేసుకున్నాడు.

షాపాయన పక్కనున్న స్క్రూడ్రైవర్లు సర్దుకుంటూ అటు తిరిగిపోయాడు. ఆయన చిట్టచివరి ఫైలు తెరిచాడు. ఆవిడ వెళ్లిపోయిన రోజుది. రెండే వాక్యాలు.

‘మీవి నాకు కనబడుతున్నట్టే నావీ మీకు కనబడుతున్నాయిగా. ఇన్ని జవాబులు చదివి కూడా ఒక్కసారి తలుపు తీసుకుని బయటికి రాని మనిషితో ఇక నా వల్ల కాదు.’