ఎయ్యమన్నప్పుడే

మర్రిగూడలో నిరోష ఇంట్లో కుళాయి ముట్టుకుంటే షాక్ కొడుతోంది. భర్త దివాకర్ కనిపెట్టిన మందు రబ్బరు చెప్పులు. అవి తొడుక్కుని గిన్నెలు తోమీ తోమీ విసిగి, ఆయన ఊళ్లో లేనప్పుడు ఆమె ఎలక్ట్రీషియన్ గాలయ్యను పిలిపించింది. అతను వచ్చేసరికి పొద్దుగూకింది.

గాలయ్య మెయిన్ బంద్ చేయించి, సెల్లు లైటుతో మిద్దె ఎక్కబోతూ చెప్పాడు. "నేను 'ఎయ్యి' అని ఒర్రినప్పుడే ఎయ్యాలె చెల్లే. తీగ నా చేతుల ఉంటది."

"నాకు నీ మీద కోపమేం లేదు గాలన్నా," అంది నిరోష.

ఆమె చీకట్లో మెయిన్ పిడి మీద చెయ్యేసి నిలబడింది. కాసేపటికి మిద్దె మీద చప్పుళ్లు ఆగిపోయాయి.

"ఎయ్యి చెల్లే."

గొంతు గాలయ్యదే. కానీ అది మిద్దె మీది నుంచి రాలేదు. వంటింట్లోంచి వచ్చింది.

నిరోష చెయ్యి కదల్చలేదు. "గాలన్నా, యాడున్నవ్?" అని పైకి అరిచింది.

"మిద్దె మీద్నే ఉన్న. జర ఆగు, తీగ ఇంక చేతుల్నే ఉంది," అని పైనుంచి జవాబొచ్చింది.

"ఎయ్యి," అంది వంటిల్లు, ఈసారి కొంచెం విసుగ్గా.

నిరోష మెయిన్ పక్కనున్న ఫ్యూజు పెరికి గుప్పిట్లో బిగించింది. ఇక పిడి ఎవరు ఎత్తినా మిద్దె మీదికి కరెంటు పోదు.

వంటింట్లోంచి అడుగుల చప్పుడు బయలుదేరి, మెల్లగా ఆమె దాకా వచ్చి ఆగింది. నిరోష ఫ్యూజున్న గుప్పిటిని వీపు వెనక దాచుకుంది.

చెవి పక్కనే గాలయ్య గొంతు మెత్తగా అడిగింది.

"అది గిటు ఇయ్యి చెల్లే."